మొదటి ఏడాది పేరు

నా పుస్తకాల అట్టల మీద నా పేరును కథ పేరు కంటే రెండింతలు పెద్దగా వేయిస్తాను. అది గొప్ప కోసం అనుకునేవాళ్ళున్నారు. కాదు. నా పాఠకుల్లో చత్వారం వచ్చినవాళ్ళే ఎక్కువ; వాళ్ళ కళ్ళకు శ్రమ కలగకూడదని నా ఉద్దేశం. పరోపకారం అనుకోండి. నాకు ఎవరూ చదువు చెప్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. అందువల్ల నా తప్పులకు ఏ పంతులుగారినీ తిట్టుకునే వీల్లేదు, అన్నీ నా సొంతం. ఈ కథలో ఉన్నవి కూడా.

ఏడు కొండల మీద ఒక నగరం ఉండేది. మన ఏడు కొండలు కాదు. పడమటి సముద్రాల అవతలిది, అక్కడ గుండు గీయించుకునే మొక్కు లేదు. ఆ నగరంలో ఒక చక్రవర్తి, చక్రవర్తికి ఒక టంకశాల, టంకశాలలో వెండి నాణేలకు అచ్చులు చెక్కేవాడు ఒకడు ఉండేవారు.

చెక్కేవాడు బానిస. అతని ఉలి చక్రవర్తిది, ఉలి పట్టుకున్న చెయ్యీ చక్రవర్తిదే. అయితే టంకశాలలో ఒక ఆచారం ఉంది. పదిహేనేళ్ళు ఒక్క తప్పు లేకుండా చెక్కినవాడికి విడుదల. ఏడాది గడిచినప్పుడల్లా గుమ్మం పక్కనున్న చెక్కలో ఒక మేకు కొడతారు. తప్పు దొర్లిందా, మేకులన్నీ పీకేసి మళ్ళీ మొదటి నుంచి లెక్క. విడుదలైనవాడు యజమాని పేరు పెట్టుకుని బయటికి నడవాలి. ఆ దేశంలో స్వేచ్ఛకు అదొక్కటే షరతు.

టంకశాల వాకిలి బయట అతని భార్య ఉల్లిపాయలు అమ్మేది. ఆమె బానిస కాదు. ఎండలో కూర్చునే స్వేచ్ఛ, ఊచల అవతలి నుంచి మొగుడితో మాట్లాడే స్వేచ్ఛ ఆమెకు ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం గంట మోగగానే చెక్కేవాడు ఊచల దగ్గరికి వచ్చేవాడు. వాళ్ళ కాపురమంతా ఆ కాసేపే.

చక్రవర్తి గద్దెనెక్కిన ఏడాది టంకశాలకు వచ్చిన చీటీలో పేరొక్కటే ఉంది. చెక్కేవాడు ఆ పేరును కుడి నుంచి ఎడమకు, అద్దంలో కనిపించినట్టు చెక్కాడు; అచ్చు పనంతా అలాగే ఉంటుంది. నాణెం నిండా ముఖం పరుచుకుంది. పెద్ద ముక్కు, వంకీల జుట్టు, నిండైన చెవి. పేరు భుజం పక్కన ఒదిగి కూర్చుంది. నాణెం బల్ల మీద పడితే మోగిన మోత పక్క గదిలోకి వినిపించేది.

"మీ రాజు బావున్నాడయ్యా," అంది భార్య. "ముక్కు చూడగానే ఎవరో ఇట్టే తెలిసిపోతోంది."

రెండో ఏడాది బిరుదుల అధికారి స్వయంగా వచ్చాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా నడుం వంచి నడిచే మనిషి.

"ఒరేయ్, చక్రవర్తిగారు ఇకమీదట దేశానికి తండ్రి. అది కూడా చేర్చు," అన్నాడు.

"చోటు లేదండీ."

"మాట మా పని. చోటు నీ పని."

చెక్కేవాడు ఆలోచించి భుజం తీసేశాడు. తండ్రి అన్న మాట అక్కడ సుఖంగా పట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మం పక్క రెండో మేకు పడింది.

ఆ తర్వాత సైన్యం ఉత్తరాన ఒక నది దాకా వెళ్ళింది. నదిని చూసింది, చాలా వెడల్పుగా ఉందనుకుంది, తిరిగొచ్చింది. చక్రవర్తి ఉత్తర దిగ్విజేత అయ్యాడు, నాణెం మీద అతని మెడ పోయింది. గుళ్ళలోని వెండి దీపాలన్నీ కరిగించిన ఏడాది పరమ భక్తుడన్నారు. ధాన్యం ఓడలు రాని ఏడాది అన్నదాత అన్నారు. వంకీల జుట్టు ఒక్కో వంకీ చొప్పున ఖర్చయింది. ప్రజల మొర ఆలకించేవాడు అన్న బిరుదు వచ్చిన రోజు చెక్కేవాడు చాలాసేపు ఉలి కింద పెట్టి కూర్చున్నాడు. అది పొడుగు బిరుదు. ఇంకెక్కడా చోటు లేదు. చెవి తీసేశాడు.

అదీ ఎవరూ గమనించలేదు. కొత్త నాణెం చేతికి రాగానే చక్రవర్తి అక్షరాలే చూసుకునేవాడు. ముఖం ఎలాగూ తనదే కదా అని దాని మీద ఆయనకు నమ్మకం.

బిరుదు చీటీ ముందు వాకిలి నుంచి వచ్చిన రోజే, పెరటి వాకిలి నుంచి కొలిమివాడికి ఇంకో చీటీ వచ్చేది. దాని మీద పేరు ఉండదు, ముద్ర ఉండదు. మూసలో ఈ ఏడాది ఎంత రాగి కలపాలో మాత్రం ఉంటుంది. రెండు చీటీలూ ఒకరి మొహం ఒకరు చూసుకోని తోడికోడళ్ళలా వచ్చి వెళ్ళేవి. నాణెం పైకి మాత్రం తెల్లగానే ఉండేది. పడ్డప్పుడు మోత రాను రాను దగ్గులా వినిపించేది.

పదకొండో మేకు పడిన ఏడాది భార్య ఊచల్లోంచి ఒక నాణెం చూపించింది.

"ఏమయ్యా, దీని మీద చీమలు పాకాయా?"

"బిరుదులే. మొదట్లో మాటంతా చెక్కేవాణ్ణి, తర్వాత సగం, ఇప్పుడు బిరుదుకో అక్షరం."

"ఎవరన్నా చదువుతారా వీటిని?"

"చెక్కేవాణ్ణి నేనే సరిగ్గా చదవనే. పదకొండేళ్ళుగా అన్నీ కుడి నుంచి ఎడమకే చూస్తున్నాను."

"నాకు చదువు రాదు కాబట్టి నా పద్ధతి నాకుంది. రాత తక్కువున్న బిళ్ళకి పెద్ద ఉల్లిపాయలు. రాత ఎక్కువున్న బిళ్ళకి గోలీలంతవి."

"అదేం న్యాయమే? ఏ నాణెమైనా నాణెమే కదా!"

"అయితే నువ్వొచ్చి అమ్ము."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. నాణేన్ని తిప్పి తిప్పి చూసి, "నాలుగేళ్ళ తర్వాత నువ్వు ఈ పేరంతా పెట్టుకుని బయటికొస్తావా?" అంది.

"యజమాని పేరే కదా పెట్టుకోవాలి."

"భోజనానికి రమ్మని నిన్ను మొత్తం పేరుతో పిలిచేసరికి పులుసు చల్లారిపోతుంది. మళ్ళీ వేడి చేస్తే నువ్వెవరో నేనే మర్చిపోతాను."

పద్నాలుగో ఏడాది ఒక సముద్ర వర్తకుడు చక్రవర్తి సభకు వచ్చాడు. తూర్పు సముద్రాల మీద తిరిగి తిరిగి నల్లబడ్డ మనిషి. తీసుకెళ్ళిన నాణేల సంచులు తీసుకెళ్ళినట్టే తెచ్చాడు.

"వద్దన్నారు ప్రభూ," అన్నాడు.

"ఎవరు?"

"తూర్పు తీరంలో, కృష్ణ అనే నది సముద్రంలో కలిసే చోట, సన్న బట్టలు నేయించి అమ్మే ఒక ముసలమ్మ. ఆమె వద్దంటే ఆ రేవంతా వద్దంటుంది. తెచ్చిన బట్టను మేము వెలుతురుకి పట్టి చూసినట్టే, ఇచ్చిన నాణేన్ని ఆమె ఉలితో గాటు పెట్టి చూస్తుంది. అది అక్కడి పద్ధతి. ఇలాంటిదయితే ఎన్నయినా తెమ్మంది." అంటూ ఒక పాత నాణెం చక్రవర్తి చేతిలో పెట్టాడు.

చక్రవర్తి చూశాడు. నాణెం నిండా ఒక ముఖం. పక్కనున్న పేరు చేతులు మారి మారి చదవరాకుండా అరిగిపోయింది. దవడ నుంచి ముక్కు దాకా అడ్డంగా లోతైన గాటు. గాటు లోపల కూడా పైన ఉన్నంత తెల్లగానే ఉంది.

"ఎవరితను?" అన్నాడు చక్రవర్తి.

 బిరుదుల అధికారి నాణేన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు, తర్వాత తన చెప్పులను చూసుకున్నాడు. చివరికి చెక్కేవాణ్ణి పిలిపించారు.

చెక్కేవాడు నాణెం తిప్పకుండానే గుర్తుపట్టాడు. "తమరే ప్రభూ. మొదటి ఏడాది."

చక్రవర్తి చెయ్యి మెల్లగా తన చెవి దగ్గరికి వెళ్ళింది. "ఇందులో చెవి ఉంది," అన్నాడు.

"అప్పుడు చోటుండేది ప్రభూ."

చక్రవర్తి నాణేన్ని ఒకసారి గుప్పిట్లో బిగించాడు. తర్వాత నాణేన్ని చెక్కేవాడి ముందుకు విసిరాడు. "ఆ ముసలమ్మకి ఇదే కావాలంటే ఇదే చెక్కు. ఉన్నది ఉన్నట్టు. వెంట్రుకవాసి తేడా వచ్చినా నీ మేకులన్నీ పీకిస్తాను."

పెరటి వాకిలి చీటీ గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. ఆ ఏడాదీ అది మామూలుగానే వచ్చింది.

మధ్యాహ్నం చెక్కేవాడు ఊచల దగ్గరికి వచ్చి భార్యకు ఆ నాణెం చూపించాడు. "గాటు తీసేసి చెక్కితే ఉన్నది ఉన్నట్టు చెక్కలేదంటారు. గాటు చెక్కితే చక్రవర్తి చెంప కోశావంటారు. ఎటు చూసినా ఇంకో పదిహేనేళ్ళే. నాకు అప్పటికి కళ్ళుండవు."

భార్య ఉల్లిపాయ పొట్టు తీస్తూ వింది.

"ఇన్నేళ్ళూ వాళ్ళిచ్చిన బిరుదులన్నీ ఒక్క గీత మార్చకుండా చెక్కావా?"

"చెక్కాను."

"అన్నదాత అని కూడా చెక్కావా, మనం ఆకులు ఉడకేసుకు తిన్న ఏడాది?"

"చెక్కాను."

"అన్ని అబద్ధాల్ని ఉన్నది ఉన్నట్టు చెక్కినవాడివి, ఒక్క నిజం దొరికితే దాన్ని దిద్దుతానంటావేమయ్యా!"

అతను లోపలికి వెళ్ళాడు. మూడు వారాలు చెక్కాడు. భుజం, మెడ, వంకీలు, చెవి అన్నీ తిరిగొచ్చాయి. చివరి రోజు గాటు చెక్కాడు. మెత్తగా, అంచులు నునుపు చేసి చెక్కాడు. మంచి పనివాడు గాయాన్ని కూడా అందంగానే చెక్కుతాడు.

పాత నాణెంతో పాటు కొత్త నాణెం సభలో చేతులు మారి చక్రవర్తి దగ్గరికి చేరింది. ఆయన వేలు చెంప మీది గీత దగ్గర ఆగింది. చెక్కేవాడు కళ్ళు మూసుకుని మేకుల్ని ఒక్కొక్కటే తలుచుకున్నాడు.

"ఇదేమిటి?" అన్నాడు చక్రవర్తి.

చెక్కేవాడు నోరు తెరిచేలోపే బిరుదుల అధికారి ముందుకు వంగాడు. అప్పటికే వంగి ఉన్నాడు కాబట్టి ఇంకాస్త వంగాడు. "గాయం ప్రభూ! రణరంగంలో తగిలినది. తమ మొహానికి ఎంత చక్కగా నప్పిందో!"

చక్రవర్తి రణరంగం ఎప్పుడూ చూడలేదు. చూడని చోట తగిలిన గాయం కాబట్టి నొప్పి కూడా లేదు. ఆయనకు చాలా నచ్చింది.

మర్నాడు సభకు వచ్చిన ప్రముఖులందరి చెంపల మీదా లక్కతో గీసిన ఎర్రటి గీతలున్నాయి. తొందరలో కొందరు కుడి చెంప మీద గీసుకున్నారు, కొందరు ఎడమ చెంప మీద. ఏది సరైనదో తేల్చడానికి రెండు రోజులు సభ జరిగింది. మూడో రోజు టంకశాలకు చీటీ వచ్చింది. గాయానికి వెరవనివాడు అన్న బిరుదు చేర్చమని.

చెక్కేవాడు చెవి మళ్ళీ తీసేశాడు. పద్నాలుగో మేకు పడింది.

వర్తకుడు కొత్త నాణేలతో ఓడెక్కాడు. వెళ్ళడానికి ఒక గాలి, రావడానికి ఇంకో గాలి. మధ్యలో కృష్ణ ఒడ్డున ముసలమ్మ చావడి. ఆమె బట్టల మూటకు ఆనుకుని కూర్చుని ఒక నాణేన్ని అరచేతిలో వేసుకుంది.

"ఓరి నాయనోయ్, ఈసారి గాటు కూడా మీరే పెట్టి తెచ్చారే! ఎంత మర్యాద నేర్చారు," అంది.

"మీకు శ్రమ తగ్గుతుందనమ్మా," అన్నాడు వర్తకుడు.

ముసలమ్మ బొటనవేలితో గాటును తడిమింది. ఇటు తడిమింది, అటు తడిమింది. వేలికి గుచ్చుకోలేదు.

"ఇది గాటు కాదు నాయనా. గాటు బొమ్మ." నాణేన్ని దిమ్మ మీద పెట్టింది. ఉలి తీసింది. ఉన్న గీతకు అడ్డంగా ఒక్క దెబ్బ వేసింది. లోపల ఎర్రగా కనబడింది.

ఆమెకు కోపం రాలేదు. పాత నాణేల్లో ఉన్న మనిషి ఆమెకు బాగా తెలుసు. ఎన్నో ఏళ్ళు ఆయన మొహం చూసి బట్ట కొలిచి ఇచ్చింది. ఎర్రటి చీలిక వైపు చూసి, "పాపం, ఏమైంది ఈయనకి?" అంది. "తీసుకెళ్ళి చూపించు. ఇంట్లోవాళ్ళు కంగారు పడుతుంటారు."

ఈలోగా పాత బిరుదులన్నీ అచ్చు మీదికి తిరిగొచ్చి, భుజం, మెడ, జుట్టు మళ్ళీ పోయాయి. పదిహేనో ఏడాది ఆఖరి వారంలో ఆ నాణెం సభకు చేరింది. చెక్కేవాణ్ణి మళ్ళీ పిలిపించారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్క చెక్క వైపు చూశాడు. పద్నాలుగు మేకులు, పదిహేనోదానికి గురుతుగా సున్నం చుక్క ఉన్నాయి.

"ఈ రెండో గీత నువ్వు చెక్కిందేనా?" అన్నాడు చక్రవర్తి.

"కాదు ప్రభూ. దానికి అంచులు నునుపుగా లేవు."

"ముసలమ్మ పెట్టింది ప్రభూ," అన్నాడు వర్తకుడు.

బిరుదుల అధికారి ఆ చీలికను చూసి, వెంటనే చేతులు జోడించాడు. "రక్తం! ప్రజల కోసం తమరు చిందించిన రక్తం! వెండిలో కూడా ఎర్రగా కనబడుతోంది!"

చక్రవర్తి అతని వైపు చూసి, తన కుడి చేతి వైపు చూసుకున్నాడు. పెరటి వాకిలి చీటీలు రాసే చెయ్యి ఎవరిదో ఆ సభలో ఆయనొక్కడికే తెలుసు.

"ఆ ముసలమ్మకి మన లిపి వచ్చా?" అని వర్తకుణ్ణి అడిగాడు.

"ఏ లిపీ రాదు ప్రభూ."

"మరి నా బిరుదులు?"

"ఏమున్నాయో చూడలేదు ప్రభూ. ఎన్నున్నాయో చూసింది."

చక్రవర్తి ఎడమ చేతిని అంగీ మడతలోకి పోనిచ్చి, మొదటి ఏడాది నాణెం తీశాడు. ఏడాదిగా అది ఆయన దగ్గరే ఉన్నట్టుంది. అంచులు వేళ్ళకు అరిగి మెరుస్తున్నాయి. దాన్నీ, రెండు గీతల నాణేన్నీ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకదాంట్లో చెవి ఉంది, ఇంకొకదాంట్లో లేదు.

"నీకు పదిహేనేళ్ళు నిండాయి కదూ?" అన్నాడు చెక్కేవాడితో.

"ఇంకా నాలుగు రోజులున్నాయి ప్రభూ."

"నిండినట్టే. నా పేరు పెట్టుకుని వెళ్ళాలి నువ్వు. ఎంతవరకు కావాలి? మొత్తం ఇస్తాను. పంతొమ్మిది బిరుదులు. ఇంతవరకు ఏ బానిసకీ ఇంత పేరు ఇచ్చినవాడు లేడు."

చెక్కేవాడికి పులుసు గుర్తొచ్చింది.

"మొదటి ఏడాదిది చాలు ప్రభూ," అన్నాడు.

 బిరుదుల అధికారి జీవితంలో మొదటిసారి నిటారుగా నిలబడిపోయాడు. చక్రవర్తి పాత నాణేన్ని చెక్కేవాడి వైపు చాచాడు. చెక్కేవాడు దోసిలి పట్టాడు. సగం దూరంలో చక్రవర్తి చెయ్యి ఆగింది, వెనక్కి వెళ్ళింది, వేళ్ళు ముడుచుకున్నాయి.

"పేరు తీసుకెళ్ళు," అన్నాడు చక్రవర్తి. "ఇది మాత్రం నా దగ్గర ఉండనీ."

ఆ మధ్యాహ్నం గంట మోగినప్పుడు చెక్కేవాడు ఊచల దగ్గర ఆగలేదు. వాకిలి దాటి బుట్ట పక్కకు వచ్చి నిలబడ్డాడు. భార్య తలెత్తి చూసింది.  కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయల ఘాటు అంది. తర్వాత అతని కొత్త పేరు అడిగి తెలుసుకుని, సరిగ్గా పలుకుతుందో లేదో చూడ్డానికి ఒకసారి పిలిచింది. ఊపిరి తీసుకునేలోపే అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే బిరుదుల అధికారి టంకశాలకు వచ్చాడు. మళ్ళీ వంగే ఉన్నాడు. కొత్తగా వచ్చిన చెక్కేవాడికి చీటీ ఇచ్చాడు. నిన్నటి సభలో జరిగిందంతా చూశాక చక్రవర్తిగారి కోసం తానే రాత్రంతా ఆలోచించి కనిపెట్టిన బిరుదట.

నిరాడంబరుడు.

"చోటు లేదండీ," అన్నాడు కొత్తవాడు.

"మాట మా పని. చోటు నీ పని."

కొత్తవాడు అచ్చును వెలుతురుకి పట్టి చూశాడు. భుజం లేదు, మెడ లేదు, జుట్టు లేదు, చెవి లేదు. కన్ను ఉంది. దానికి ఎంత చోటు పడుతుందో వేలితో కొలిచి చూసుకుని, ఉలి తీసుకున్నాడు.

కథ ఇంతే. ఇది రాసి వారం కాలేదు, నా కొత్త పుస్తకం అట్ట తయారయింది రమ్మని ప్రెస్సాయన కబురు చేశాడు. ఈ మధ్యే మా ఊరి సంఘంవారు శాలువా కప్పి నాకో బిరుదిచ్చారు. దాన్ని పేరుకు ముందు వేయమని అప్పటికే చెప్పి ఉన్నాను. పేరు, బిరుదు, పుస్తకం పేరు, నా ఫోటో. "అన్నీ పట్టడం లేదండీ, ఏది తీసెయ్యమంటారు?" అన్నాడాయన.

ఫోటో చిన్నది చెయ్యమన్నాను. చెవుల దాకా కత్తిరించినా ఫర్వాలేదన్నాను.

ఏది తీసెయ్యాలో నేనింకా నేర్చుకోలేదు.